అనకాపల్లి ఆడపిల్ల కట్టిన గజ్జెలు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తప్పెటగుళ్లు ఎరగనివాళ్లు తక్కువ. గుండె మీద తప్పెట వేలాడుతుంది. కాళ్లకు గజ్జెలుంటాయి. యాదవులు గంగమ్మ తల్లిని తలుచుకుని పాడతారు, ఎగురుతారు. ఒకడు ముందు పాట ఎత్తుకుంటాడు. మిగిలినవాళ్లు అందుకుంటారు. అందరి కాళ్లూ ఒక్కసారే లేస్తాయి. ఒక్కసారే నేల మీద పడతాయి.

అంతమంది కాళ్లు ఒక్కసారే ఎలా లేస్తాయి? ఎవరో ఒకరు ముందే అడుగులు కూర్చి ఉండాలి. ఈ పాటకి ఈ అడుగు, ఇక్కడ గుండ్రంగా తిరగాలి, ఇక్కడ ఒకరి మీద ఒకరు ఎక్కి గోపురం కట్టాలి అని అనుకుని ఉండాలి. తప్పెటగుళ్లలో ఆ మనిషి పేరు ఎవరికీ తెలియదు. తాతలనాటి నుంచి వస్తోంది అంటారు.

స్టేజీ మీద ఆడే నాట్యంలో ఆ మనిషికి పేరు ఉంటుంది. నృత్య దర్శకుడు అంటారు. ఆడమనిషి అయితే నృత్య దర్శకురాలు. కొరియోగ్రాఫర్ అనే మాట కూడా ఇప్పుడు అందరి నోటా వినబడుతోంది. పాట రాసేది ఒకరు. రాగం కట్టేది ఒకరు. ఆ పాటకి కాలు ఎలా కదలాలి, చెయ్యి ఎలా తిరగాలి, కన్ను ఎటు చూడాలి అని చెప్పేది నృత్య దర్శకులు.

ఆ పనిలో పేరు తెచ్చుకున్న ఆడమనిషి శోభానాయుడు. ఆమె మన పక్క మనిషే. 1956లో అనకాపల్లిలో పుట్టింది. అప్పుడు అది విశాఖపట్నం జిల్లా. 2022 నుంచి అనకాపల్లి వేరే జిల్లా అయింది. ఆమె నేర్చుకున్న నాట్యం కూచిపూడి. ఆ నాట్యం ఒకప్పుడు ఆడవాళ్లకి నేర్పేవారు కాదు.

ఆడవేషం మగవాళ్లదే

కూచిపూడి అన్నది ఒక ఊరి పేరు. కృష్ణా జిల్లాలో ఉంది. ఆ ఊళ్లో బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లు తరతరాలుగా నాట్యమే బతుకుగా బతికారు. మేళం కట్టి ఊరూరా తిరిగి ఆడేవారు. వాళ్లకి సిద్ధేంద్రయోగి అనే ఆయన 'భామాకలాపం' ఇచ్చాడని చెబుతారు. కృష్ణుడికీ సత్యభామకీ మధ్య అలక అందులో కథ.

కథ అంతా సత్యభామదే. కాని ఆ వేషం వేసేది మగవాడు. తలకి జడ పెట్టుకుని, చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వచ్చేవాడు. ఆడవాళ్లు స్టేజీ ఎక్కకూడదు. సొంత ఇంటి ఆడపిల్లలకి కూడా నేర్పేవారు కాదు. వేదాంతం సత్యనారాయణ శర్మ అనే ఆయన సత్యభామ వేషానికి దేశమంతా పేరు పొందాడు. ఆయన నడక చూస్తే ఆడదే అనుకునేవారు. ఆయన 2012లో చనిపోయాడు. ఆయన గొప్ప నటుడే. అందులో అనుమానం లేదు. అయినా ఒక మాట అడగాలనిపిస్తుంది. ఆడదాని అలక, సిగ్గు, కోపం ఎలా ఉంటాయో ఆడది చూపించడానికి అన్ని వందల ఏళ్లు ఎందుకు పట్టింది?

భామాకలాపంలో ఒక చోటు ఉంది. చెలికత్తె మాధవి, 'నీ మొగుడి పేరేటి?' అని అడుగుతుంది. సత్యభామ చెప్పదు. సిగ్గు. మొగుడి పేరు నోటితో అనకూడదు కదా. సైగ చేస్తుంది, తిప్పి తిప్పి చెబుతుంది, తల వంచుకుంటుంది. చూసేవాళ్లు నవ్వుతారు. జనాభా లెక్కలవాళ్లు వచ్చి ఇంటాయన పేరు అడిగితే పక్కింటావిడ చేత చెప్పించిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు? ఆ సిగ్గు ఎలాంటిదో సత్యభామకి బాగా తెలుసు.

ఇంకో చోటు ఉంది. కృష్ణుడు అలిగి వెళ్లిపోయాడు. సత్యభామ ఉత్తరం రాస్తుంది. స్టేజీ మీద కాగితం ఉండదు. కలం ఉండదు. ఎడమ అరచెయ్యి చాపితే అదే ఆకు. కుడిచేతి వేళ్లు కూడితే అదే గంటం. ఒక మాట రాస్తుంది. ఆగుతుంది. ఇంకేం రాయాలా అని ఆలోచిస్తుంది. కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మళ్లీ రాస్తుంది. మొదటిసారి సొంత చేత్తో ఉత్తరం రాసిన ఆడమనిషికి ఆ ఆగడం ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

శోభానాయుడికి చాలా పేరు తెచ్చిన వేషాల్లో ఈ సత్యభామ ఒకటి.

తలుపు ఎలా తెరుచుకుంది

మగవాళ్ల చేతిలో ఉన్న నాట్యం ఆడవాళ్ల దగ్గరికి ఒక్కరోజులో రాలేదు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి అనే గురువు ఊరి కట్టుబాటు దాటి ఆడవాళ్లకి నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన 1956లో చనిపోయాడు. తరువాత ఇంద్రాణీ రెహమాన్, మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి కూచిపూడి నాట్యాన్ని పెద్ద పెద్ద సభల్లో ఆడారు. దేశం బయట కూడా ఆడారు.

ఎక్కువమంది ఆడపిల్లలకి నేర్పినవాడు వెంపటి చినసత్యం. ఆయన 1929లో కూచిపూడిలో పుట్టాడు. బతుకుతెరువు కోసం కుర్రతనంలోనే మద్రాసు పోయాడు. చేతిలో డబ్బు లేక నడిచి వెళ్లాడని చెప్పుకుంటారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాడు. అది నాట్యం నేర్పే బడి. ఆ బడికి ఆడపిల్లలు వచ్చారు. ఏ కులం అని చూడకుండా నేర్పాడు.

రాత్రంతా సాగే పాత ఆటని ఆయన రెండు మూడు గంటల్లో అయ్యేలా కుదించాడు. మాటలు తగ్గించాడు. అడుగులు, పాట పెంచాడు. కథని నాట్యంలో చెప్పే ఇలాంటి ఆటని నృత్య రూపకం అంటారు. ఆయన రూపకాల్లో ఆడవేషం ఆడవాళ్లే వేశారు. అంతేకాదు, మగవేషాలు కూడా ఆడవాళ్లు వేశారు! శంకరాభరణం సినిమాలో నటించిన మంజుభార్గవి ఆయన శిష్యురాలే. ఆమె మగవేషాలకి పేరు పొందింది. ఒకప్పుడు మగవాడు సత్యభామ అయ్యాడు. ఇప్పుడు ఆడది దేవుడి వేషం కట్టింది.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆడవాళ్లు అంతకుముందు అసలు ఆడలేదని కాదు. గుళ్లలో, జమీందార్ల కొలువుల్లో కొన్ని కుటుంబాల ఆడవాళ్లు తరతరాలుగా నాట్యం చేశారు. వాళ్లని దేవదాసీలు అన్నారు, కళావంతులు అన్నారు. వాళ్లకి విద్య ఉంది. సంగీతం తెలుసు, చదువు తెలుసు. కాని పెళ్లి, సంసారం, గౌరవం ఉండేవి కావు. పెద్దమనుషులు వాళ్ల ఆట చూసేవారు, తెల్లారితే వాళ్లనే తిట్టేవారు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆడపిల్లల్ని గుడికి వదిలెయ్యకూడదని చట్టం తెచ్చింది. ఆ చట్టం మంచిదే. దానితో చాలామంది పిల్లలు ఆ బతుకు నుంచి తప్పించుకున్నారు. కాని ఆ ఆడవాళ్ల చేతిలో ఉన్న విద్యకి మాత్రం చోటు లేకుండా పోయింది. చదువుకున్న ఇళ్ల పిల్లలు సభల్లో ఆడి చప్పట్లు అందుకుంటున్న రోజుల్లోనే, ఆ పాత నాట్యకత్తెలు గజ్జెలు విప్పి మూల పెట్టారు.

ఆ రోజుల మాట జనం మనసులోంచి తొందరగా పోలేదు. 'ఆడగుంటకి గజ్జెలేటి? రేపు పెళ్లెవరు చేసుకుంటారు?' ఏ ఇంట్లో అయినా ముందు వచ్చే మాట ఇదే.

తల్లి వెనక నిలబడింది

శోభానాయుడి తల్లి పేరు సరోజినీ దేవి. కూతురికి నాట్యం నేర్పాలని ఆమే పట్టు పట్టింది. చుట్టాలకి నచ్చలేదు. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. రాజమండ్రిలో పి.ఎల్. రెడ్డి అనే గురువు దగ్గర పిల్లకి మొదటి పాఠాలు చెప్పించింది. తరువాత మద్రాసులో వెంపటి చినసత్యం దగ్గర చేర్చారు. చదువు కూడా మానిపించలేదు. శోభానాయుడు మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో చదివి డిగ్రీ తెచ్చుకుంది.

కూచిపూడి నేర్చుకోవడం అంటే ముందు నిలబడడం నేర్చుకోవడం. మోకాళ్లు రెండు పక్కలకి వంచాలి. సగం కూర్చున్నట్టు ఉండాలి. నడుం నిటారుగా ఉండాలి. దీన్ని అరమండి అంటారు. అలా ఉండి కాలు ఎత్తి నేలని తట్టాలి. ఒకే అడుగు నెమ్మదిగా, దానికి రెండింతల వేగంగా, దానికీ రెండింతల వేగంగా వెయ్యాలి. నెలల తరబడి ఇదే పని. తొడలు పీకుతాయి. పాదాలు మండుతాయి. నాట్లు వేసిన రోజు సాయంత్రం నడుం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఈ నొప్పి అర్థమవుతుంది. చూసేవాళ్లకి మాత్రం నవ్వుముఖమే కనపడాలి.

కొన్నాళ్లకి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడడం వస్తుంది. దాన్ని తరంగం అంటారు. నెత్తి మీద నీళ్ల చెంబు పెట్టుకుని, పళ్లెంతో పాటు ముందుకీ వెనక్కీ జరుగుతారు. తాళం తప్పకూడదు. చెంబు తొణకకూడదు. జనం దీనికే ఎక్కువ చప్పట్లు కొడతారు. నిజానికి ముఖంతో భావం చూపించడం దీనికన్నా కష్టం. చెంబు పడకుండా ఆపడం సాధనతో వస్తుంది. ఉత్తరం రాస్తూ ఏడవడం ఒక్క సాధనతో రాదు.

చిన్న వయసులోనే శోభానాయుడు గురువుగారి రూపకాల్లో ముఖ్య వేషాలు కట్టింది. సత్యభామ, పద్మావతి, చండాలిక వేషాలతో ఆమె పేరు ఊరూరా తెలిసింది. సినిమావాళ్లు పిలిచారు. ఆమె వెళ్లలేదు. నాట్యంలోనే ఉండిపోయింది.

నీళ్లు చేదే పిల్ల

చండాలిక కథ మొదట బెంగాలీలో రవీంద్రనాథ్ ఠాగూరు 1933లో రాశారు. ప్రకృతి అనే పిల్ల ఉంది. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన కులంలో పుట్టింది. నూతి దగ్గర నీళ్లు చేదుతోంది. బుద్ధుడి శిష్యుడు ఆనందుడు ఎండలో నడిచి వచ్చాడు. దాహం అన్నాడు. ఆ పిల్ల భయపడింది. నా చేతి నీళ్లు మీరు తాగకూడదు అంది. మనుషులంతా ఒకటే, నీళ్లు పొయ్యి అన్నాడు. దోసిలి పట్టి తాగాడు. వెళ్లిపోయాడు.

ఆ పిల్ల బతుకు అక్కడే మారిపోయింది. తనూ మనిషేనని ఆమెకి మొదటిసారి ఎవరో చెప్పారు. ఆనందుడి మీద మనసు పడింది. అతన్ని రప్పించమని తల్లిని పీడించి మంత్రం వేయించింది. మంత్రానికి లొంగి వస్తున్న ఆ మనిషి ముఖంలో వెలుగు పోవడం చూసి తట్టుకోలేకపోయింది. తప్పు తెలుసుకుంది.

ఈ కథని కూచిపూడి నాట్యంలో వెంపటి చినసత్యం కూర్చాడు. దేవుళ్ల కథలే ఆడే నాట్యంలోకి నీళ్లు చేదే పిల్ల కథ వచ్చింది.

నూతిలో నీళ్లు చేదడం నాట్యంలో ఎలా చూపిస్తారు? నుయ్యి లేదు. తాడు లేదు. బిందె లేదు. ముందు వంగి లోపలికి చూడాలి. బిందె వదలాలి. ఖాళీ బిందె దిగేటప్పుడు చేతులు తేలిగ్గా కదలాలి. నీళ్లు నిండాక తాడు బరువెక్కాలి. ఒక చెయ్యి తరువాత ఒక చెయ్యి లాగుతుంటే భుజాలు బిగవాలి, నడుం వెనక్కి వాలాలి. బరువు కనబడకపోతే అది ఉత్త చేతులూపడమే. ఇదంతా తాళం లోపల జరగాలి. ఇలాంటివన్నీ ముందే ఆలోచించి పెట్టేది నృత్య దర్శకులు.

పాటకి ప్రాణం మన సాలూరు నుంచి

వెంపటివారి రూపకాలు చూసినవాళ్లు ఆ పాటల్ని మరిచిపోరు. చాలా రూపకాలకి రాగాలు కట్టినాయన పట్రాయని సంగీతరావు. ఆయనది సాలూరు కుటుంబం. సాలూరు ఇంతకుముందు విజయనగరం జిల్లాలో ఉండేది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఆయన తండ్రి సీతారామశాస్త్రిని అంతా 'సాలూరు చినగురువుగారు' అనేవారు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పేవారు. ఘంటసాల అక్కడ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. తరువాత సంగీతరావు మద్రాసులో చాలా ఏళ్లు ఘంటసాలకి తోడుగా పనిచేశాడు.

అంటే కృష్ణా జిల్లా అడుగుకి సాలూరు రాగం తోడైంది. ఆ రాగం మీద అనకాపల్లి పిల్ల ఆడింది. విజయనగరంలో 1919లో పెట్టిన ఆ కళాశాల ఇప్పటికీ ఉంది. మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల అని దాని పేరు. అందులో పాటతో పాటు నాట్యం కూడా నేర్పుతారు.

తనే కూర్చడం మొదలుపెట్టింది

మంచి నాట్యకత్తె అయినంత మాత్రాన నృత్య దర్శకురాలు అయిపోరు. ఒకరు చెప్పింది బాగా చెయ్యడం ఒక పని. లేనిదాన్ని కొత్తగా కట్టడం వేరే పని. కూచిపూడిలో ఈ రెండో పని చాలాకాలం గురువులదే. గురువులంటే మగవాళ్లే. ఆడపిల్ల స్టేజీ మీద ఆడడానికి ఒప్పుకున్నవాళ్లు కూడా, ఆడది గురువుపీట మీద కూర్చుని తాళం కొట్టి, 'ఇలా కాదు, అలా' అని చెబితే అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

1980లో హైదరాబాదులో కూచిపూడి ఆర్ట్ అకాడమీకి శోభానాయుడు ప్రిన్సిపాల్ అయింది. అప్పటికి ఆమెకి పాతికేళ్లు కూడా లేవు. నేర్పడం మొదలుపెట్టింది. కొత్తవి కూర్చడం మొదలుపెట్టింది.

రూపకం కూర్చాలంటే ముందు కథ కావాలి. కవి చేత పాటలు రాయించాలి. వాటికి రాగం, తాళం కుదరాలి. ప్రతి వేషానికీ స్టేజీ మీదకి వచ్చే పాట ఒకటి ఉంటుంది. దాన్ని ప్రవేశ దరువు అంటారు. రాజు వచ్చే అడుగు వేరు, దాసి వచ్చే అడుగు వేరు. వాళ్లు నోరు విప్పకముందే వాళ్లెవరో అడుగే చెప్పాలి. మధ్యలో 'తక ధిమి' లాంటి జతులు పడతాయి. ఒక్కదాని మీదే చూపు ఉండాలంటే మిగతావాళ్లని ఎక్కడ నిలబెట్టాలి? యుద్ధం నాలుగు మూరల స్టేజీ మీద ఎలా చెయ్యాలి? పదిహేనేళ్ల పిల్ల చేత ముసలి తల్లి దుఃఖం ఎలా పలికించాలి? చీర రంగు నుంచి దీపం వెలుగు దాకా అన్నీ చూసుకోవాలి. పది కుటుంబాల వంట ఒక పొయ్యి మీద చేసినట్టు ఉంటుంది ఆ పని.

అలా ఆమె సుమారు 80 విడి నృత్యాలు, 15 దాకా రూపకాలు కూర్చింది. విప్రనారాయణ, కల్యాణ శ్రీనివాసం, జగదానందకారక వాటిలో కొన్ని. విప్రనారాయణ కథ మనవాళ్లకి కొత్త కాదు. 1954లో భానుమతి, నాగేశ్వరరావు వేసిన సినిమా పెద్దవాళ్లు చూసే ఉంటారు. భక్తుడు ఒక వేశ్య వలలో పడి మళ్లీ దేవుడి దగ్గరికి వచ్చే కథ అది.

ఆమె కూర్చిన వాటిలో ఒకదాని పేరు 'విజయోస్తుతే నారీ'. స్త్రీ, నీకు జయం కలగాలి అని ఆ మాటకి అర్థం. ఆడవాళ్లని స్టేజీ ఎక్కనివ్వని నాట్యంలో, ఆడవాళ్ల మీద, ఆడమనిషే కట్టిన రూపకం! దేవుళ్ల కథల రూపకాలకే పేరు ఎక్కువ వచ్చి ఉండొచ్చు. ఈ ఒక్కటి మాత్రం పేరు విన్నా చాలు, ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది.

దేశం తరఫున ఆమె క్యూబా, మెక్సికో, వెనిజులా లాంటి దేశాలకి కళాకారుల జట్టుని తీసుకెళ్లింది. టర్కీలో, రష్యాలో ఆడింది. ఆ జనానికి తెలుగు రాదు. సత్యభామ ఎవరో తెలియదు. అయినా అలిగిన ఆడదాన్ని చూస్తే అలిగిందని తెలుస్తుంది. అది మాటలతో పనిలేని భాష. కేంద్ర సంగీత నాటక అకాడమీ ఆమెకి అవార్డు ఇచ్చింది. 2001లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

ఆమె దగ్గర 1500 మందికి పైగా నాట్యం నేర్చుకున్నారు. ఇప్పుడు కూచిపూడి నేర్పే ఏ బడికి వెళ్లినా ఆడపిల్లలే ఎక్కువ కనిపిస్తారు. మగపిల్లలు నేర్చుకోవడం తగ్గిందే అని గురువులు దిగులు పడే రోజులు వచ్చాయి! పల్లెల్లో మాత్రం ఇంకా అలా లేదు. ఫీజు, గజ్జెలు, పట్టు వేషం, పక్కన వాయించేవాళ్లకి ఇచ్చే డబ్బు, అన్నీ కలిస్తే కూలి చేసుకునే ఇంటి పిల్లకి అందవు. ఎంత మంచి పేరున్నా ఈ నాట్యం ఇంకా పట్నం దాటి రావలసినంత రాలేదు.

వెంపటి చినసత్యం 2012 జులైలో చెన్నైలో చనిపోయారు. శోభానాయుడు 2020 అక్టోబరు 14న హైదరాబాదులో చనిపోయింది. ఆమెకి 64 ఏళ్లు. మరుసటి ఏడాది, 2021 జూన్‌లో, నూరేళ్ల వయసులో పట్రాయని సంగీతరావు కూడా వెళ్లిపోయారు.

పాటని పుస్తకంలో రాసుకోవచ్చు. అడుగుని అలా రాయడం కష్టం. వీడియోలో తీసినా, కాలు ఎంత బరువుగా వెయ్యాలో, చూపు ఎంతసేపు నిలపాలో పక్కన నిలబడి చెప్పేవాళ్లు కావాలి. శోభానాయుడు కూర్చిన అడుగులు ఇప్పుడు ఆమె శిష్యురాళ్ల కాళ్లలో ఉన్నాయి. వాళ్లలో చాలామంది ఇప్పుడు గురువులు. పొద్దున్నే చిన్నపిల్లల్ని వరసగా నిలబెట్టి, కర్రతో తాళం కొడుతూ, మోకాళ్లు ఇంకా వంచమని చెబుతున్నారు.